మట్టి వేసిన గాజు తొట్టి

మన పేటల్లో నీళ్ళు పట్టి పెట్టుకోని ఇల్లు ఒక్కటైనా చూపించండి చూద్దాం. పెరంబూరుకు రండి, పులియంతోపుకు పొండి, ఓట్టేరికి పొండి, అంతా ఒకటే. వాకిట్లో నీలం డ్రమ్ము, బాత్‌రూములో సిమెంటు తొట్టి, వంటింట్లో వరసగా బిందెలు. మెట్రో వాటర్ వచ్చినప్పుడు పట్టుకోవాల, రాని రోజు దాంతోనే గడుపుకోవాల. లారీ వస్తే చేతిలో పని వదిలేసి పరిగెత్తాల. మా అత్త ఈ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇదే కథ, నేను వచ్చినాకా ఇదే కథ. అందుకే "ఇంట్లో నీళ్ళు నిలవ ఉంచకండి" అని కార్పొరేషన్ బండి మైకులో చెప్పుకుంటా పోతే ఆడోళ్ళం నవ్వుకుంటాం. నిలవ పెట్టకపోతే వంటెట్లా, స్నానమెట్లా?

నేను మాత్రం ఆ నవ్వు మానేసి రెండేళ్ళవుతోంది. మా పిల్లవాడికి పదో ఏట డెంగీ వచ్చింది. నాలుగు రోజులు ఒళ్ళు పెనంలా కాలిపోయింది. ఐదో రోజు జ్వరం దిగింది. హమ్మయ్య అనుకుంటుంటే ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది: "జ్వరం దిగినాక వచ్చే రెండు రోజులే అసలు గండం, పక్కనే ఉండి చూసుకోమ్మా" అని. ఆ రెండు రోజులూ ప్లేట్‌లెట్ల లెక్క చీటీ మీద చీటీ వస్తావుంది, ప్రతి చీటీలో అంకె తగ్గుతావుంది. మూడో నాటి చీటీలో పెరిగింది. పిల్లవాడు దక్కాడు. కానీ ఇంటికి వచ్చినాక నాకు నీళ్ళంటేనే భయం పట్టుకుంది. ఏ బిందెలో తొంగి చూసినా ఏదో కదిలినట్టే ఉండేది.

డెంగీ దోమ మురికి కాలవలో పుట్టేది కాదు. మనం జాగ్రత్తగా పట్టి పెట్టుకున్న తేట నీళ్ళే దానికి ఇష్టం. డ్రమ్ము లోపలి గోడకు, నీటి అంచుకు కాస్త పైన గుడ్లు అంటిస్తుంది. నీళ్ళు అయిపోయి డ్రమ్ము ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. మళ్ళీ నీళ్ళు తగలగానే పగులుతాయి. గుడ్డు పగిలి, పురుగై, దోమై ఎగరడానికి మన ఊరి వేడికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికి ఒకసారి డ్రమ్మును వొంచి, లోపలి గోడను పీచుతో రుద్ది కడగాల. ఉత్తినే నీళ్ళు పారబోస్తే గుడ్లు గోడకే ఉండిపోతాయి. ఈ సంగతులన్నీ ఆస్పత్రి వరండాలో నేర్చుకున్నాను.

అట్లాంటి ఇంట్లో, అట్లాంటి అమ్మను పట్టుకుని మావాడు అడిగింది ఏమిటంటే, చేపల తొట్టి.

వాడు అడగడానికీ కారణం ఉంది. జ్వరం తర్వాత నెల రోజులు బడికి పోలేదు. ఒంట్లో బలం లేదు, వీధిలో ఆటకు పోడు. ఎదురింటి మేడ మీద ఒక చేపల తొట్టి ఉండేది. అడుగున నీలం రంగు రాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, బుడబుడమని బుడగలు వదిలే పంపు. దాని ముందు కూర్చోబెడితే వాడు గంటలు గంటలు కదిలేవాడు కాదు. ఒక వాన రాత్రి కరెంటు పోయి తెల్లారిందాకా రాలేదు. పొద్దున చూస్తే సగం చేపలు వెల్లకిలా తేలినాయి. ఆ ఇంటివాళ్ళు మిగిలినవాటిని ఎవరికో ఇచ్చేసి తొట్టిని అటక మీద పెట్టేశారు. మావాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత అడిగాడు, "మనం పెట్టుకుందామా?" అని.

మా ఆయన ఆటో నడుపుతాడు. "మూడు వేలు పోసి తెచ్చింది ఒక్క రాత్రిలో పోయింది, చూశావు కదరా" అన్నాడు. నేను నోరే తెరవలేదు. తెరిస్తే "ఈ ఇంట్లో ఇంకో నీళ్ళ తొట్టి వద్దు" అనేదాన్ని. మా మామ మంచం మీద నుంచే అన్నారు, "కరెంటు లేకుండా చెరువులో చేపలు బతకతా లేవా? అదెట్లా బతుకుతుందో కనుక్కుంటే పోలా?"

మా మామది బి అండ్ సి మిల్లులో నేత పని. 1969లో చేరి, 1996లో మిల్లు మూతపడేదాకా ఖాకీ బట్ట నేసిన మనిషి. డెబ్బై అయిదు దాటినా ఏదైనా వస్తువు ఎట్లా పని చేస్తుందో తెలుసుకోకుండా వదలరు. మరుసటి ఆదివారమే మనవణ్ణి వెంటబెట్టుకుని కొళత్తూరు పోయారు. మనకు బస్సులో దగ్గరే కదా. రంగు చేపలకు కొళత్తూరు పెట్టింది పేరు. అక్కడ వీధుల పొడుగునా చేపల అంగళ్ళే. చుట్టుపక్కల ఎందరో ఇళ్ళ వెనక సిమెంటు తొట్లు కట్టి చేప పిల్లల్ని పెంచి బతుకుతున్నారు. పొద్దున పోయిన తాతా మనవళ్ళు మధ్యాన్నం అన్నం వేళకు వచ్చారు. చేతిలో చేపా లేదు, తొట్టీ లేదు. మామ జేబులో ఒక కాగితం ఉంది.

అంగడి కుర్రాడు ఆ కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడంట. అడుగున ఒక అంగుళం మట్టి, దాని మీద ఒక అంగుళం సన్న గులకరాళ్ళు, వాటిలో దట్టంగా మొక్కలు, ఆ పైన నీళ్ళు. పంపు లేదు, ఫిల్టరు లేదు. అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ ఇంట్లో ఇట్లా తొట్లు పెంచి, ఎందుకు నిలుస్తాయో శాస్త్రం చూసి 1999లో పుస్తకం వేసింది. ఆవిడ పేరు మీదే దీన్ని వాల్‌స్టాడ్ పద్ధతి అంటారు. మామకు ఆ పేరు నోరు తిరగదు. "ఆ అమ్మ చెప్పింది" అంటారు.

ఆ అమ్మ చెప్పింది మనకు అర్థమయ్యేదే. చేప తింటుంది, విసర్జిస్తుంది. దాంట్లోంచి అమ్మోనియా వస్తుంది. అది చేపకు విషం. నీళ్ళలో పుట్టే కంటికి కనబడని క్రిములు ఆ అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని మళ్ళీ నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే, నైట్రేటు అంత చెడ్డది కాదు. అంగడి తొట్టిలో ఈ క్రిములు ముఖ్యంగా ఫిల్టరు స్పాంజిలో కాపురం ఉంటాయి. పంపు ఆగితే వాటికి గాలి అందదు, నీళ్ళకూ గాలి అందదు. మొక్కల తొట్టిలో అట్లా కాదు. మొక్కలకు అమ్మోనియానే అన్నం. నేరుగా పీల్చుకుంటాయి. వెలుతురులో ప్రాణవాయువు వదులుతాయి. మట్టి వేళ్ళకు తిండి పెడుతుంది. మట్టిలో ఉండే చెత్తా చెదారం మెల్లగా మురుగుతా బొగ్గుపులుసు వాయువు వదులుతుంది, అదీ ఆకులకు తిండే. చేప మొక్కకు పెడుతుంది, మొక్క చేపకు పెడుతుంది, మట్టి ఇద్దరినీ మోస్తుంది.

అంతా విని నేను అడిగింది ఒక్కటే: "దోమలు?"

"చేప పడినాక దోమ పురుగు ఒక్కటి మిగలదు మ్మా. గప్పీ చేపలకు అదే పాయసం" అన్నారు మామ.

"చేప ఎప్పుడు పడుతుంది?"

మామ కాస్త ఆగి చెప్పారు. "మట్టి కుదురుకోవాల. నెల పట్టొచ్చు."

నెల రోజులు చేపలు లేని నీళ్ళు ఇంట్లో. అదే నా గొంతులో ముల్లు. పిల్లవాడి ముఖం చూసి సరే అన్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు మట్టి సంగతి చెప్తాను, ఎందుకంటే అసలు పని అక్కడే ఉంది. నర్సరీలో అమ్మే మట్టి పనికిరాదు. అందులో పేడ, వేపపిండి, ఎరువు కలిపి ఉంటారు. నీళ్ళలో వేస్తే అమ్మోనియా పొంగుతుంది. ఇల్లు కట్టే చోట మట్టిలో సిమెంటు, సున్నం కలిసి ఉంటాయి, అదీ వద్దు. మందు కొట్టని, యూరియా చల్లని నేల మట్టి కావాల. మా ఆడబిడ్డను సత్యవేడు దగ్గర ఒక పల్లెకు ఇచ్చినాము. ఆమెకు ఫోన్ చేస్తే నవ్వి, "పట్నంలో ఉండి మట్టి అడుక్కుంటున్నారా" అనింది. ఆగస్టులో వచ్చేటప్పుడు చేను గట్టు మీది మట్టి ఒక గోతాం సంచిలో బస్సు మీద తెచ్చింది. ఆంధ్రా మట్టి అని మావాడు అందరికీ చూపించాడు.

మామ ఆ మట్టిని జల్లెడ పట్టారు. రాళ్ళు, వేళ్ళు, పుల్లలు తీసేశారు. బకెట్లో నీళ్ళు పోసి కలిపి, పైకి తేలిన చెత్త వొంచేసి, ఒక రోజు నాననిచ్చి, మేడ మీద పాత తార్పాలిన్ పరిచి ఎండబెట్టారు. ఎండినాక మళ్ళీ తడి, మళ్ళీ ఎండ. ఇట్లా నాలుగు సార్లు. తడిసి ఎండే కొద్దీ మట్టిలో త్వరగా మురిగేది ఏదుందో అది బయటే మురిగిపోతుంది, తొట్టిలో తర్వాత అల్లరి చెయ్యదు. "పడుగుకి గంజి పట్టినట్టే ఇది కూడా" అనేవారు మామ. "గంజి సరిగా పట్టని నూలు మగ్గం మీదికి పోతే ఊరికే తెగుతుంది. అక్కడ తెగినాక ఏడిస్తే ఏం లాభం?" ఆయన మట్టిని పిసుకుతుంటే మావాడు పక్కన కూర్చుని నోటుబుక్కులో రాసుకునేవాడు. బడిలో తెలుగు లేదు కదా, అరవ అక్షరాల్లోనే జల్లెడ, గోతాం, గంజి అని తెలుగు మాటలు రాసుకున్నాడు. ఆ మాటలు వాడి నోట అంతకు ముందు నేను వినలేదు.

తొట్టి కొళత్తూరులోనే అతికించి ఇచ్చారు. పొడుగు 18 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 12. అంచుదాకా పోస్తే 42 లీటర్లు. మట్టీ రాళ్ళూ పోను, పైన ఒక అంగుళం వదిలితే నీళ్ళు 32 లీటర్లు దాకా పడతాయి. గాజుతో, రాళ్ళతో కలిపి బరువు యాభై కిలోలు, అంటే రెండు బియ్యం మూటలంత. కాళ్ళు ఊగే బల్ల మీద పెడితే గాజు పగులుతుంది. మా ఇంట్లో గోడకు కట్టిన కడప రాయి అరుగు ఉంది, దాని మీద థర్మోకోల్ షీటు పరిచి పెట్టాము. కిటికీ ఎండ నేరుగా పడకూడదు, పడితే నీళ్ళు పచ్చ పాకుడు పడతాయి.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం తొట్టి కట్టాము. తడి మట్టి ఒక అంగుళం మందాన సమంగా పరిచాము. ఇంతకన్నా మందం వేస్తే అడుగున గాలాడక కుళ్ళుతుంది. దాని మీద కడిగిన సన్న గులకరాళ్ళు, రెండు మూడు మిల్లీమీటర్ల సైజువి, మరో అంగుళం. రాళ్ళ మీద ముందే నిమ్మరసం పిండి చూశారు మామ. నురగ వస్తే సున్నపు రాయి అని గుర్తు. మాకు రాలేదు. ఈ రాళ్ళే మట్టికి మూత. మూత లేకపోతే తొట్టి నిండా బురదే.

మొక్కల దగ్గర పిసినారితనం పనికిరాదని కుర్రాడు గట్టిగా చెప్పాడు. మొదటి రోజే నేల సగానికి పైగా కప్పాల. వెనక రిబ్బను మాదిరి పొడుగాకుల వాలిస్నేరియా, మధ్యలో హైగ్రోఫిలా, ఒక మూల హైడ్రిల్లా నాచు, ముందు క్రిప్టోకొరైన్, నీటి బ్రహ్మి. వాలిస్నేరియాకు వేరూ ఆకూ కలిసే మెడ రాళ్ళ పైనే ఉండాల, అది పూడిస్తే మొక్క కుళ్ళుతుంది. నాటినాక రాళ్ళ మీద ఒక పళ్ళెం పెట్టి, దాని మీద చెంబుతో మెల్లగా నీళ్ళు పోశాము. ఆ నీళ్ళు ఒక రోజు ముందే బకెట్లలో పట్టి మూతలేకుండా ఉంచినవి, క్లోరిను పోవడానికి. ఆ రాత్రి బకెట్ల మీద పలచని గుడ్డ కట్టింది ఎవరో మీరే ఊహించుకోండి. లారీ నీళ్ళయితే వాసన ఘాటుగా ఉంటుంది, అంగట్లో అమ్మే క్లోరిను విరుగుడు చుక్కలు వేసుకోవాల.

లైటు కూడా పెద్ద ఖర్చేమీ లేదు. తొమ్మిది వాట్ల మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు, చదువుకునే దీపం స్టాండుకు పెట్టాము. పొద్దున 7 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 8. మధ్యలో ఆపేది ఎందుకంటే, మొక్కలు వాడేసిన బొగ్గుపులుసు వాయువు ఆ విరామంలో మట్టిలోంచి మళ్ళీ చేరుతుంది. రోజుకు ఎనిమిది గంటల లెక్కన రెండు నెలలకు నాలుగున్నర యూనిట్లు కూడా కాదు. మన రాష్ట్రంలో రెండు నెలలకు కొన్ని యూనిట్లు ఊరికే ఇస్తారు కదా, అందులోనే సరిపోతుంది. కరెంటు పోయినా తొట్టికి పట్టదు.

ఇక ఆ నెల. మామ పాత దోమతెర కత్తిరించి తొట్టి మీద పరిచి, చుట్టూ నూలు దారంతో బిగించి నేతగాడి ముడి వేశారు. "దోమ కాదు కదా, దోమ ఊపిరి కూడా దూరదు" అన్నారు. అయినా నేను రోజూ రాత్రి అందరూ పడుకున్నాక టార్చి తీసుకుని చూసేదాన్ని. దోమ పురుగు నీటి పైన తలకిందులుగా వేలాడుతుంది. వెలుతురు కదిలిస్తే మెలికలు తిరిగి అడుక్కి పోతుంది. గాజు పక్క నుంచి చూస్తే దాక్కోలేదు. ఆ వారంలోనే నాకు తట్టిన మాట ఒకటుంది. నీలం డ్రమ్ములో ఏముందో పైనుంచి చూస్తే ఎప్పుడూ తెలియలేదు. ఇంట్లో ఉన్న నీళ్ళన్నిట్లో నేను ఈ పక్క నుంచి ఆ పక్కకు చూడగలిగిన నీళ్ళు ఇవొక్కటే.

మొదట మూడు రోజులు నీళ్ళు మసక. వారానికి తేటపడింది. క్రిప్టోకొరైన్ ఆకులు కరిగిపోయినాయి. చచ్చిపోయిందని మావాడు బిక్కమొగం వేస్తే, కొత్త చోటు కుదురుకునే ముందు అది అట్లా ఆకు రాలుస్తుందని కుర్రాడు చెప్పాడు. కుళ్ళిన ఆకులు తీసేస్తే పదిరోజుల్లో కొత్త చిగురు వచ్చింది. మూడు రోజులకు ఒకసారి మూడో వంతు నీళ్ళు తీసి కొత్తవి పోసేవాళ్ళం. తీసిన నీళ్ళు కరివేపాకు కుండీకి.

అక్టోబరులో వానలు మొదలైనాయి. మా వీధిలో రెండిళ్ళలో జ్వరాలు. మా కాంపౌండులో ఐదు పోర్షన్లు. ముందు పోర్షను పెద్దమ్మ కొళాయి దగ్గర అందరి ముందూ అనేసింది: "డెంగీ వచ్చిన ఇంట్లోనే దోమల తొట్టి పెట్టుకున్నారు. రేపు మా మనవడికి వస్తే ఎవరు జవాబు?" నాకు కోపం రాలేదు. ఆమె అన్నది నా కడుపులో మాటే. ఇంటికి వచ్చి మామతో చెప్పాను, "మామా, ఒక్క పురుగు కనబడినా ఎవర్నీ అడగను, నేనే గుమ్మరించేస్తా."

"అట్లే కానీ మ్మా. నువ్వు గుమ్మరిస్తే బకెట్టు నేను పడతా. కనబడేదాకా మాత్రం ఆగు" అన్నారు. మావాడు గోడకు ఆనుకుని అంతా విన్నాడు. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నుంచి టార్చి పట్టుకుని నాతో పాటు వాడూ కూర్చున్నాడు.

ఆ వారం ఇళ్ళు తనిఖీ చేసే కార్పొరేషన్ అక్క వచ్చింది. తెర చూసి, "నీళ్ళకి ముసుగు కప్పి పూజ చేస్తున్నారా?" అని నవ్వింది. ముడి విప్పించింది. టార్చి వేసి నాలుగు పక్కలా చూసింది, గరిటెతో నీళ్ళు ముంచి తెల్ల గిన్నెలో పోసి చూసింది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. "ఏమీ లేదు" అనింది. కానీ పైన తేలుతున్న అంతరతామర చూపించి, "ఇది తీసెయ్యండి. దీని వేరుకు కరుచుకుని గాలి పీల్చుకునే దోమ జాతి ఒకటుంది, అది పైకి తేలదు, మీ టార్చికి కనబడదు" అనింది. ఆ దోమ బోదకాలు వ్యాధిని మోస్తుందంట. అంతరతామర అమ్మోనియా బాగా లాగుతుందని అంగట్లో ఊరికే ఇచ్చిన మొక్క అది. అప్పుడే తీసి ఎండలో పడేశాము. దాని బదులు వాటర్ స్ప్రైట్ అనే మొక్కను నీటి మీద తేలనిచ్చాము. నీటిలో పెరిగే మొక్కకన్నా నీటి మీద తేలే మొక్కకు గాలి నేరుగా అందుతుంది, అందుకే తొందరగా పెరిగి విషాన్ని తొందరగా లాగుతుంది.

ప్రతి ఆదివారం మామ ఒక సీసాలో తొట్టి నీళ్ళు కొళత్తూరు తీసుకుపోయేవారు. కుర్రాడు రెండు రకాల చుక్కలు వేసి చూసేవాడు. మొదటి వారం పచ్చ రంగు తిరిగింది, అంటే అమ్మోనియా ఉందని. రెండో వారం లేత పచ్చ. మూడో వారం పసుపులో కాస్త పచ్చ. "చాలు కదన్నా" అన్నాడంట మావాడు. కుర్రాడు సరే అనబోతుంటే మామ అడ్డం పడి, "ఇంకో వారం. మగ్గాల హాల్లో తేమ చాలకుండా నూలు ఎక్కిస్తే ఏమవుతుందో నాకు తెలుసు" అన్నారంట. నాలుగో వారం అచ్చమైన పసుపు రంగు. ఆ రోజే ఐదు గప్పీలు తెచ్చారు, రెండు మగవి, మూడు ఆడవి. మన బోరు నీళ్ళు కాస్త ఉప్పదనంగా, గడుసుగా ఉంటాయి, గప్పీకి అవి బాగా పడతాయి. చేపలున్న కవరును తొట్టిలో ఇరవై నిమిషాలు తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీళ్ళు కవరులో పోసి, అప్పుడు వదిలారు. మొక్కల మధ్యకు పోయి కాసేపు కనబడలేదు. తర్వాత ఒక్కొక్కటీ తోక ఊపుకుంటా ముందుకు వచ్చినాయి. ఆ రాత్రి నేను టార్చి వెయ్యలేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. నవంబరులో ఒక సాయంత్రం మావాడు కాంపౌండు మూల నుంచి కేకేశాడు, "అమ్మా, పుళు! పుళు!" అని. వాడి తెలుగులో సగం అరవం. మెట్ల కింద ఎవరూ వాడని పాత రుబ్బురోలు ఉంది. ఎవరిదో ఎవరికీ తెలియదు. ఐదు పోర్షన్లవాళ్ళమూ రోజూ దాని పక్కనుంచే పోతాం. దాని గుంటలో వాన నీళ్ళు నిలిచి, పైన నల్లగా పిచికల్లా దోమ పురుగులు వేలాడుతున్నాయి. నెల రోజులు గాజులోంచి నీటి పైభాగం చూసి చూసి ఆ పిల్లవాడి కన్ను పదునెక్కింది. మామ టీ వడకట్టే జల్లెడతో వాటిని ఎత్తి, కడిగి, మా తొట్టిలో వేశారు. కాంపౌండు పిల్లలంతా చుట్టూ మూగారు. పది నిమిషాల్లో ఒక్కటి మిగల్లేదు. పెద్దమ్మ కూడా గుమ్మంలో నిలబడి చూసింది. చూసి, ఆమే ముందుకు వచ్చి, మా ఆయనతో కలిసి రోలును బోర్లా తిప్పించింది. మరుసటి రోజు చెంబు పట్టుకుని వచ్చి, "మా బట్టలుతికే సిమెంటు తొట్టికి రెండు ఇస్తావా" అనింది. పిల్లలు పుట్టగానే ఇస్తానన్నాను.

పుట్టడానికి ఎంతో పట్టలేదు. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, నెలకు ఒకసారి. దట్టంగా మొక్కలుంటే పిల్లలు దాక్కుని బతుకుతాయి. లేకపోతే పెద్దవే తినేస్తాయి. జనవరికి మా తొట్టిలో లెక్కపెట్టలేనన్ని. పెద్దమ్మకు ఇచ్చాము, పక్క వీధిలో నలుగురికి ఇచ్చాము. తాగే నీళ్ళ డ్రమ్ముకు మాత్రం మూతే మందు, చేప కాదు.

ఇప్పుడు తొట్టికి పెద్దగా పనేమీ లేదు. రోజుకు ఒకసారి చిటికెడు మేత, రెండు నిమిషాల్లో తినేసేంత. ఎక్కువ వేస్తే అది అడుక్కి పోయి కుళ్ళుతుంది. ఆవిరైనంత నీళ్ళు పోస్తాం, రెండు మూడు వారాలకు ఒకసారి నాలుగు చెంబులు మార్చుతాం. అప్పుడప్పుడు మట్టిలోంచి బుడగలు వస్తాయి, భయం లేదు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే మాత్రం చీపురు పుల్లతో రాళ్ళలో అక్కడక్కడ మెల్లగా గుచ్చితే గాలాడుతుంది. వేళ్ళు బాగా పాకినాక ఆ అవసరమూ తగ్గింది. మొక్కలతో పాటు చిన్న నత్తలు వచ్చాయి, అవి రాలిన ఆకు తిని బతుకుతాయి. గాజుకు పాకుడు పడితే లైటు గంట తగ్గిస్తాం.

నాకు నీళ్ళ భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ శుక్రవారం వస్తే డ్రమ్ములు వొంచి రుద్దుతాను. అయితే ముందు కళ్ళు మూసుకుని భయపడేదాన్ని, ఇప్పుడు కళ్ళు తెరిచి చూసి రుద్దుతాను. పక్కన మావాడు టార్చి పట్టుకుంటాడు. కాంపౌండు పిల్లలు ఆదివారం పూట కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పూలకుండీ పళ్ళేలు తిరగేస్తా తిరుగుతున్నారు. వాళ్ళకది ఆట.

ఒక్క మాట మిగిలింది, అది మామ తప్పకుండా రాయమన్నారు. తొట్టి పెట్టుకుని విసుగొచ్చినా, ఊరు మారినా, చేపల్నీ మొక్కల్నీ తీసుకుపోయి రెట్టేరిలోనో ఇంకే చెరువులోనో వదలకండి. గప్పీ మన దేశపు చేప కాదు, అక్కడ పడితే మన చేపల తిండికి, పిల్లలకు అడ్డం వస్తుంది. మొక్కల్ని ఎండబెట్టి కుండీలో వేసుకోండి, చేపల్ని అడిగినవాళ్ళకు ఇవ్వండి. అడిగేవాళ్ళు లేకపోతే మా ఇంటికే తెచ్చివ్వండి. మట్టి కూడా కావాలంటే చెప్పండి, ఆడబిడ్డ సంక్రాంతికి ఇంకో గోతాం తెచ్చింది. మామ ఇప్పటికే రెండు సార్లు ఎండబెట్టారు.